చందా కంపెనీది, గొంతు సంఘానిది

మన పెద్ద కంపెనీల వార్షిక నివేదికలు ఇప్పుడు చూడముచ్చటగా ఉంటున్నాయి. ముఖపత్రం మీద పచ్చటి ఆకు, లోపలి పుటల్లో గాలిమరలు, సౌర ఫలకాలు, ఫలానా సంవత్సరానికల్లా కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామన్న చైర్మన్ గారి హామీ. ఆ కంపెనీయే ఏటా చందా కట్టే పారిశ్రామిక సంఘం అదే సంవత్సరంలో ఢిల్లీలోని ఏదో ఒక మంత్రిత్వ శాఖకు మరో కాగితం అందజేస్తుంది. పరిమితిని సడలించండి, గడువు పొడిగించండి, జరిమానా తగ్గించండి అన్నది దాని సారాంశం. మొదటి కాగితం రంగుల్లో అచ్చయి లక్షలాది వాటాదారులకు చేరుతుంది. రెండో కాగితం ఫైలులోకి చేరుతుంది. విధానం మీద ముద్ర పడేది ఎక్కువగా ఆ రెండో కాగితానిదే.

ఈ రెండు కాగితాల మధ్య దూరాన్ని కొలిచి, దానికి జవాబు చెప్పవలసింది ఎవరు? కంపెనీ డైరెక్టర్ల బోర్డే చెప్పాలి. కానీ మన దేశంలో ఆ బాధ్యతను చట్టం బోర్డు మీద పెట్టలేదు, సెబీ తప్పనిసరి చేయలేదు, పెద్ద వాటాదారులు నిలదీయడం లేదు. ఫలితంగా, వాతావరణ విధానం మీద ఈ దేశంలో సాగుతున్న బేరసారాల్లో అధిక భాగం ఏ కంపెనీ సంతకమూ లేకుండానే నడిచిపోతోంది.

ఇదేదో కార్పొరేట్ పాలనకు సంబంధించిన సాంకేతిక వివాదమని పక్కన పెట్టేవారికి ఒక్క మాట గుర్తు చేయాలి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే రెండు వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువ మంది ఎండలో పని మానుకోలేని కూలీలు, వృద్ధులు. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని సుప్రీంకోర్టు 2024 మార్చిలో, ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో, రాజ్యాంగం 14, 21 అధికరణాల వెలుగులో గుర్తించింది. పౌరుడి ప్రాథమిక హక్కుతో ముడిపడిన విషయం మీద ప్రభుత్వంతో ఎవరు, ఏమి మాట్లాడుతున్నారో ఆ పౌరుడికి తెలియకపోవడం చిన్న లోపం కాదు.

సంఘం చాటున మాట్లాడటంలో కంపెనీకి ఉన్న సౌలభ్యాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి. కంపెనీ ఒక్కటే వెళ్లి ఉద్గారాల నిబంధన వద్దంటే అది స్వార్థంగా కనిపిస్తుంది. అదే మాట సంఘం అంటే ‘పరిశ్రమ అభిప్రాయం’ అవుతుంది, పత్రికల వాణిజ్య పుటల్లో గౌరవంగా అచ్చవుతుంది. కంపెనీ పేరు ఎక్కడా రాదు. రేపు ఎవరైనా వాటాదారు లేచి అడిగితే, అది సంఘం వైఖరి, మాది కాదు అని తప్పించుకోవచ్చు. సంఘాన్ని అడిగితే, మేము సభ్యుల అభిప్రాయాన్నే చెప్పాం అంటుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, పంచుకున్న కొద్దీ ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సంఘంలో అన్ని కంపెనీలూ ఒకే తీరుగా ఉండవు. కొన్ని కొత్త సాంకేతికత మీద డబ్బు పెట్టి ఉంటాయి. కొన్ని పాత యంత్రాలతో ఇంకో పదేళ్లు లాభం తీయాలనుకుంటాయి. ఏకాభిప్రాయం పేరుతో సంఘం కుదుర్చుకునే వైఖరి చాలాసార్లు రెండో రకం కంపెనీలకు అనుకూలంగా ఉంటుంది. నిబంధన వల్ల నష్టపోతాననుకునే కంపెనీ గట్టిగా పట్టుబడుతుంది. లాభపడబోయే కంపెనీ తోటివారితో తగువెందుకని ఊరుకుంటుంది. అందరికంటే వెనకబడినవాడి అడుగే సంఘం నడక అవుతుంది. అలా ముందున్న కంపెనీ కట్టిన చందా కూడా వెనకున్నవాడి వాదానికే ఖర్చవుతుంది.

కార్ల పరిశ్రమను చూద్దాం. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు ఇంధన వినియోగం, తద్వారా కిలోమీటరుకు అవి వెలువరించే కార్బన్ డయాక్సైడ్ ఒక పరిమితి దాటకూడదన్నది ‘కేఫ్’ నిబంధన. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఇది 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి దశలో సుమారు 130 గ్రాములుగా ఉన్న పరిమితి 2022-23 నుంచి 113 గ్రాములకు తగ్గింది. మూడో దశ 2027 ఏప్రిల్ నుంచి మొదలు కావాలి. దానికోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2025 సెప్టెంబరులో ఇచ్చిన ముసాయిదాలో ఒక కొత్త వెసులుబాటు కనిపించింది. బరువు 909 కిలోలకు, ఇంజిన్ 1200 సీసీకి, పొడవు నాలుగు మీటర్లకు మించని పెట్రోలు కార్లకు కిలోమీటరుకు 3 గ్రాముల చొప్పున రాయితీ ఇస్తామన్నారు.

అంతే, ఇల్లు రెండయింది. చిన్న కార్లకు మినహాయింపు న్యాయమేనని మారుతి సుజుకి వాదించింది. ద్విచక్ర వాహనం మీద నలుగురు ప్రయాణించే కుటుంబానికి తొలి కారు అందుబాటులో ఉండాలని, బరువైన కార్లకు సడలింపునిచ్చే సూత్రం చిన్న కారును శిక్షిస్తోందని ఆ పక్షం మాట. అటువంటి మినహాయింపు అక్కర్లేదని, దానివల్ల భద్రత, విద్యుత్ వాహనాల వైపు పరివర్తన దెబ్బతింటాయని టాటా మోటార్స్ బహిరంగంగానే అన్నది. ఈ రెండు కంపెనీలూ వాహన తయారీదారుల సంఘమైన సియామ్‌లో సభ్యులే. అప్పుడు సియామ్ అధ్యక్ష స్థానంలో ఉన్నది కూడా టాటా మోటార్స్ ప్రయాణికుల వాహనాల విభాగాధిపతి శైలేశ్ చంద్రే.

ఈ తగువులో ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. రెండు వైపులా పరిశీలించదగ్గ వాదాలున్నాయి. నన్ను ఆకర్షించింది మరో సంగతి. ఏ కంపెనీ ఏమి కోరుతోందో, ఎందుకు కోరుతోందో, దానివల్ల ఎవరికి ఎంత లాభమో ఆ కొద్ది వారాల్లో సామాన్య పాఠకుడికి కూడా అర్థమైంది. ఆ వెలుగు ఏ చట్టం వల్లా రాలేదు, ఏ నివేదిక వల్లా రాలేదు. కంపెనీలు తమలో తాము పోట్లాడుకోవడం వల్ల వచ్చింది. అదే ముసాయిదాలో ఒక విద్యుత్ కారును సగటు లెక్కలో మూడు కార్లుగా పరిగణించే వెసులుబాటు కూడా ఉంది. అమ్మింది ఒకటి, లెక్కకు మూడు. దాని మీద అంత రచ్చ జరగలేదు. ఇటువంటి వెసులుబాటును ఎవరు అడిగారు, ఏ కంపెనీ వద్దంది అన్నది తెలుసుకోవాలంటే పౌరుడు ఏ పుస్తకం తెరవాలి? కంపెనీలు కలహించుకున్నప్పుడు మాత్రమే ప్రజలకు తెలిసే వ్యవస్థలో, అవి ఏకమైనప్పుడు జరిగేదంతా చీకట్లోనే జరుగుతుంది.

ఏకమైతే ఎలా ఉంటుందో బొగ్గు విద్యుత్ కేంద్రాల చరిత్ర చెబుతుంది. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ థర్మల్ కేంద్రాల పొగకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించే యంత్రాలను రెండేళ్లలో, అంటే 2017 డిసెంబరుకల్లా, అమర్చుకోవాలన్నది ఆనాటి ఆదేశం. గడువు వచ్చేసరికి 2022 వరకు పొడిగించారు. 2021లో కేంద్రాలను మూడు వర్గాలుగా విడదీసి వేర్వేరు గడువులిచ్చారు. 2022లో మళ్లీ జరిపారు. 2024 డిసెంబరు 30న, గడువు ముగియడానికి ఒక్కరోజు ముందు, ఇంకోసారి జరిపారు. చివరికి 2025 జులైలో మూడో వర్గంలోని కేంద్రాలకు, అంటే దేశంలోని యూనిట్లలో నాలుగింట మూడొంతులకు పైగా, ఆ నిబంధన నుంచే మినహాయింపు ఇచ్చారు. పదేళ్లపాటు వాయిదా పడిన బాధ్యత పదో ఏట చాలామందికి రద్దయింది.

సల్ఫర్ డయాక్సైడ్ భూమిని వేడెక్కించే వాయువు కాదు, అది ఊపిరితిత్తుల సమస్య. నిజమే. అయినా ఈ కథ మన విషయానికి దగ్గరిదే, ఎందుకంటే బొగ్గు మీద ఏ నియంత్రణ వచ్చినా దాన్ని అరగదీసే పద్ధతి ఒక్కటే. ప్రైవేటు విద్యుదుత్పత్తిదారుల సంఘమైన అసోసియేషన్ ఆఫ్ పవర్ ప్రొడ్యూసర్స్ గడువు పొడిగింపు కోసం ప్రభుత్వాన్ని కోరింది, సుప్రీంకోర్టు తలుపూ తట్టింది. ఖర్చు భరించలేమన్నారు, యంత్రాలు దొరకవన్నారు, మన బొగ్గులో గంధకం తక్కువన్నారు. ఈ యంత్రాలు నడవడానికి అదనంగా కరెంటు కావాలి కాబట్టి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుందన్న వాదన కూడా తెచ్చారు. అంటే వాతావరణం పేరు చెప్పి గాలిని కాపాడే నిబంధనను ఆపారు. విద్యుత్ మంత్రిత్వ శాఖే ఉత్పత్తిదారుల పక్షాన నిలిచింది. ప్రభుత్వ రంగ కేంద్రాలు కూడా అదే నీడన సేదతీరాయి.

ఈ వాదాల్లో కొన్నిటికి శాస్త్రీయమైన ఆధారం ఉండవచ్చు. మన బొగ్గులో గంధకం తక్కువన్నది వాస్తవమే. ఇక్కడ అడగవలసింది వేరు. ఈ పదేళ్లలో పర్యావరణ నిబద్ధత గురించి పుటల కొద్దీ రాసుకున్న విద్యుత్ కంపెనీలు, తమ సంఘం కోరిన పొడిగింపును సమర్థిస్తున్నామనో, సమర్థించడం లేదనో తమ వాటాదారులకు ఎన్నిసార్లు సూటిగా చెప్పాయి? రామగుండంలో, పాల్వంచలో, ఇబ్రహీంపట్నంలో, పరవాడలో, ముద్దనూరులో పొగగొట్టాల నీడన బతికేవారికి ఆ సమాధానం వినే హక్కు లేదా?

సమాధానం రాకపోవడానికి ఒక కారణం మనం ప్రశ్న అడిగే తీరులోనే ఉంది. సెబీ 2012లో తొలిసారి వంద పెద్ద లిస్టెడ్ కంపెనీలకు వ్యాపార బాధ్యత నివేదికను విధించింది. అందులో ఒక ప్రశ్న ఉండేది. మీరు ఏ వాణిజ్య సంఘాల్లో సభ్యులు? ఆ సంఘాల ద్వారా ప్రజాహితం పెంపొందించడానికి వాదించారా? అవును లేదా కాదు అని రాసి, అవునైతే ఏ రంగమో సూచించాలి. ప్రశ్నలోని అమాయకత్వాన్ని గమనించండి. ప్రజాహితం కోసం లాబీయింగ్ చేశారా అని అడిగారు తప్ప, ప్రజాహితానికి విరుద్ధంగా చేశారా అని అడగలేదు. చేశానని ఒప్పుకునేవాడు ఎలాగూ ఉండడు. ఏ అంశం మీద ఏ వైఖరి తీసుకున్నారని కూడా అడగలేదు.

2021 మేలో ఆ నివేదిక స్థానంలో బీఆర్‌ఎస్‌ఆర్ వచ్చింది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో తొలి వెయ్యి కంపెనీలకు అది తప్పనిసరి. తొమ్మిది సూత్రాలున్న ఈ నివేదికలో ఏడోది, విధానాలను ప్రభావితం చేసేటప్పుడు కంపెనీలు బాధ్యతగా, పారదర్శకంగా వ్యవహరించాలంటుంది. వినడానికి బాగుంది. ఆ సూత్రం కింద సంఘాల గురించి తప్పనిసరిగా చెప్పవలసింది రెండే సంగతులు. ఎన్ని సంఘాల్లో సభ్యత్వం ఉంది? వాటిలో తొలి పది ఏవి? అంతే. ఏ ప్రభుత్వ విధానం కోసం వాదించారు, ఏ పద్ధతిలో వాదించారు, ఆ సమాచారం బహిరంగంగా ఉందా, డైరెక్టర్ల బోర్డు దాన్ని ఎంత కాలానికి ఒకసారి సమీక్షిస్తుంది అన్న అసలు ప్రశ్నలు కూడా ఆ పత్రంలోనే ఉన్నాయి. కానీ వాటిని ‘నాయకత్వ సూచికలు’ అనే గదిలో పెట్టారు. అంటే ఇష్టమైతే రాయవచ్చు, లేకపోతే లేదు. తాళం తయారు చేసి, వేయడం మాత్రం ఇంటివాడి దయకు వదిలేశారు.

తప్పనిసరి భాగంలో ఇంకో విచిత్రం ఉంది. తొలి పది సంఘాలను ఏ ప్రాతిపదికన ఎంచాలి? ఆ సంఘంలో మొత్తం ఎందరు సభ్యులున్నారన్న దాన్ని బట్టి! కంపెనీ ఎవరికి ఎక్కువ డబ్బు ఇచ్చిందన్న దాన్ని బట్టి కాదు, ఎవరి విధాన కమిటీల్లో తన అధికారులు కూర్చున్నారన్న దాన్ని బట్టి కూడా కాదు. దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. వేలమంది సభ్యులున్న సీఐఐ, ఫిక్కీ, అసోచామ్, రాష్ట్రాల వాణిజ్య మండళ్లు జాబితా పైభాగాన చేరతాయి. బొగ్గు మీదో, ఉక్కు మీదో, సిమెంటు మీదో గురిపెట్టి పనిచేసే, పాతిక ముప్పై మంది సభ్యులున్న సంఘం పదిలోంచి సులువుగా జారిపోవచ్చు. ఒక నిర్దిష్ట నిబంధన మీద పట్టుదలగా పోరాడేది తరచు అటువంటి చిన్న సంఘమే.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్నను బోర్డుల ముందుకు తెచ్చింది వాటాదారులే. ఆస్ట్రేలియా సంగతే చూడండి. 2017 ఫిబ్రవరిలో అప్పటి కోశాధికారి స్కాట్ మోరిసన్ పార్లమెంటులో ఒక బొగ్గు ముక్కను చేతబట్టుకుని, దీన్ని చూసి భయపడకండి అని ప్రతిపక్షాన్ని వెక్కిరించారు. ఆ ముక్కను సమకూర్చింది ఖనిజ కంపెనీల సంఘమైన మినరల్స్ కౌన్సిల్ అని అక్కడి పత్రికలు రాశాయి. పారిస్ ఒప్పందాన్ని సమర్థిస్తున్నామని చెప్పుకునే బీహెచ్‌పీ ఆ సంఘంలో ప్రధాన సభ్యురాలు. అదే ఏడాది కొందరు వాటాదారులు తీర్మానం పెట్టి, మీరు చెప్పేదానికీ మీ సంఘాలు చేసేదానికీ పొంతన ఉందా అని అడిగారు. డిసెంబరులో బీహెచ్‌పీ తన సంఘాల వైఖరులను తన వైఖరితో పోల్చి, తేడాలను పేర్లతో సహా ప్రకటించింది. మరుసటి ఏడాది ప్రపంచ బొగ్గు సంఘం నుంచి తప్పుకుంది. అంతకుముందే, 2009లో, వాతావరణ చట్టాన్ని వ్యతిరేకిస్తోందన్న కారణంతో ఆపిల్ సంస్థ అమెరికా వాణిజ్య మండలిని వదిలేసింది. 2021 జనవరిలో ఫ్రాన్స్ చమురు కంపెనీ టోటల్ అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌కు వీడ్కోలు చెప్పింది. 2022లో కొన్ని ఐరోపా పింఛను నిధులు, మదుపు సంస్థలు కలిసి బాధ్యతాయుత వాతావరణ లాబీయింగ్‌కు ఒక అంతర్జాతీయ ప్రమాణాన్నే రూపొందించాయి.

వారిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. బీహెచ్‌పీ మినరల్స్ కౌన్సిల్‌లోనే కొనసాగింది. ఇటువంటి సమీక్షల్లో కొలిచేదీ, మార్కులు వేసేదీ కంపెనీయే. ‘పాక్షికంగా భేదిస్తున్నాం, లోపల ఉండి మారుస్తాం’ అన్న వాక్యం ఏళ్ల తరబడి చెల్లుబాటు అయ్యే ప్రమాదం ఉంది. అయినా ఒక తేడా వచ్చింది. ఆ వాక్యం కింద ఇప్పుడు బోర్డు సంతకం ఉంది. మూడేళ్ల తర్వాత, ఏమి మార్చారు అని అడగడానికి ఒక కాగితం ఉంది. మనకు ఆ కాగితం కూడా లేదు.

కాగితం లేకపోవడం మన ప్రజాస్వామ్యానికి పాత జబ్బు. 2012 డిసెంబరులో, భారత మార్కెట్‌లో ప్రవేశానికి కూడా కలిపి వాల్‌మార్ట్ చేసిన లాబీయింగ్ ఖర్చు వివరాలు బయటపడి పార్లమెంటు అట్టుడికిపోయింది. ఆ వివరాలు ఎక్కడ దొరికాయి? అమెరికా సెనేట్‌కు ఆ కంపెనీ అక్కడి చట్టం ప్రకారం సమర్పించిన పత్రాల్లో. ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో విచారణ జరిపించింది. 2013లో బిజూ జనతా దళ్ సభ్యుడు కాళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ లాబీయింగ్ వివరాల వెల్లడి కోసం లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. మన ఢిల్లీలో ఏమి జరుగుతోందో వాషింగ్టన్ పత్రాల్లో చదివి తెలుసుకోవలసిన దుస్థితి నాటికీ నేటికీ మారలేదు.

చట్టం లేకపోయినా ఒక విధానం ఉంది. చట్టాల, నిబంధనల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని కూడా శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2014లో కేంద్రం రాష్ట్రాలతో సంబంధం లేకుండా తన శాఖలన్నిటికీ చెప్పింది. మొదటి సగం అప్పుడప్పుడు అమలవుతుంది. రెండో సగం ఎంత అరుదుగా అమలవుతుందో విధానాలను అనుసరించే ప్రతి పాత్రికేయుడికీ అనుభవమే. సమాచార హక్కు కింద అడిగితే వాణిజ్య రహస్యం అన్న మినహాయింపు అడ్డు వస్తుంది. ఒక కంపెనీ తన యంత్రం రూపకల్పనను దాచుకోవచ్చు. దేశమంతా పీల్చే గాలి గురించి ప్రభుత్వాన్ని కోరిన కోరిక ఎవరి వాణిజ్య రహస్యం?

2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లను కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, డబ్బుకూ విధానానికీ మధ్య ఉండగల ఇచ్చిపుచ్చుకోవడాల గురించి తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందన్నది. పార్టీకి ఇచ్చే విరాళానికి కంపెనీల చట్టంలో లెక్క చెప్పాలి. అధికారి గదిలో వినిపించే గొంతుకు అయ్యే ఖర్చు మాత్రం ‘సభ్యత్వ రుసుములు’ అన్న పద్దులో కలిసిపోతుంది. పార్టీ ద్వారా వచ్చే ప్రభావానికి ఒక నీతి, సంఘం ద్వారా వచ్చే ప్రభావానికి మరో నీతి ఎందుకుండాలి?

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. సంఘంగా ఏర్పడటం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అంటారు. అవును, 19(1)(సి) అధికరణం ఇచ్చిన హక్కే. కార్మిక సంఘాలకు, రైతు సంఘాలకు కూడా అదే హక్కు. తేడా ఏమిటంటే, కార్మికులు తమ కోరికల పత్రాన్ని గేటు ముందు చదివి వినిపిస్తారు, రైతులు రహదారి మీద కూర్చుని చెబుతారు. వారి మాట దాపరికం లేకుండా ఉంటుంది కనుకనే వారిని విమర్శించేవారికి అవకాశం దొరుకుతుంది. పరిశ్రమ నుంచి కూడా కోరేది అదే. మాట్లాడండి, మీ పేరుతో మాట్లాడండి.

రెండో అభ్యంతరం బరువైనది. భూమిని వేడెక్కించింది సంపన్న దేశాలు, తలసరి ఉద్గారాల్లో మనం వారికి చాలా దూరంలో ఉన్నాం, కాబట్టి మన పరిశ్రమ గొంతు పట్టుకోవడం అన్యాయమంటారు. మొదటి రెండు మాటలూ నిజం. అంతర్జాతీయ వేదికల మీద మన ప్రభుత్వం ఆ న్యాయం కోసం పోరాడాలి, ఐరోపా కర్బన సుంకం వంటి వాటిని ప్రశ్నించాలి. కానీ ఆ వాదం దేశానిది, పేదలది. తలసరి సగటు తక్కువగా ఉండటానికి కారణం ఈ దేశంలో కోట్లాది మంది కారు ఎక్కలేదు, ఏసీ వేసుకోలేదు. వారి లేమిని కవచంగా తొడుక్కుని ఒక కంపెనీ తన జరిమానాను తప్పించుకోవడం వాతావరణ న్యాయం అనిపించుకోదు. పైగా 2070 నాటికి నికర సున్నా సాధిస్తామని 2021 నవంబరులో గ్లాస్గోలో చెప్పింది మన ప్రధానమంత్రే. అంతకంటే ముందు గడువులు పెట్టుకున్నామని గర్వంగా చెప్పుకునేవి మన కంపెనీలే. వారి మాటతోనే వారిని కొలవమంటున్నాం.

సంఘాన్ని వదిలేస్తే లోపలి నుంచి మార్చే అవకాశం పోతుందన్నది మూడోది. వదలమని ఎవరూ అనడం లేదు. విభేదిస్తే ఆ విభేదాన్ని నమోదు చేయమంటున్నాం. మౌనం అర్ధాంగీకారమంటారు. చందా కట్టి పాటించే మౌనం పూర్ణాంగీకారమే.

చేయవలసినవి అసాధ్యమైన పనులేమీ కావు. ఏడో సూత్రం కింద ఉన్న ‘నాయకత్వ’ పట్టికను సెబీ తప్పనిసరి భాగంలోకి మార్చాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. సంఘాల జాబితాను సభ్యుల సంఖ్యను బట్టి కాకుండా, కంపెనీ చెల్లించిన మొత్తాన్ని బట్టి, ఆ మొత్తాలతో సహా ఇవ్వాలి. ఉద్గారాలకు సంబంధించిన ప్రతి ముసాయిదా మీద సంఘం ఏమి కోరింది, దానితో కంపెనీ ఏకీభవించిందా లేదా అన్నది బోర్డు ఏడాదికొకసారి సమీక్షించి ప్రకటించాలి. విభేదిస్తే అదే మంత్రిత్వ శాఖకు తన పేరుతో వేరే లేఖ రాయాలి. మంత్రిత్వ శాఖలు తమకు అందిన వినతులన్నిటినీ నోటిఫికేషన్‌తో పాటే బయటపెట్టాలి. 2014 నాటి విధానంలోని రెండో సగాన్ని అమలు చేస్తే ఇందులో సగం పని అయిపోతుంది.

సెబీ కదిలేదాకా ఆగనక్కరలేని వారు కూడా ఉన్నారు. దేశంలోని పెద్ద కంపెనీలన్నిటిలోనూ దాదాపుగా ఎల్ఐసీకి వాటా ఉంది. మ్యూచువల్ ఫండ్ల ద్వారా, భవిష్య నిధి ద్వారా జీతగాళ్ల పొదుపు అదే మార్కెట్‌లోకి ప్రవహిస్తోంది. తాము మదుపు చేసిన కంపెనీల పాలనను గమనించాలని, వాటితో సంప్రదించాలని, ఓటు వేయాలని బీమా సంస్థలకు 2017లో, మ్యూచువల్ ఫండ్లకు 2020 నుంచి నియంత్రణ సంస్థలు బాధ్యత అప్పగించాయి. అంటే అడిగే అధికారం ఉంది, అడగమన్న ఆదేశమూ ఉంది. లోపించింది అడగాలన్న ఇచ్ఛ. పాలసీ ప్రీమియం కట్టిన ఉపాధ్యాయుడి డబ్బు కంపెనీలో వాటా అవుతుంది. ఆ కంపెనీ డబ్బు సంఘానికి చందా అవుతుంది. ఆ చందా, ఆ ఉపాధ్యాయుడి పిల్లలు పీల్చే గాలి మీద, రేపటి వాళ్ల ఎండాకాలం మీద నిబంధనలు సడలించమని కోరే వినతిపత్రం అవుతుంది. ఈ గొలుసులో మొదటి కొస మన చేతిలోనే ఉంది.

ఈ ఏడాది వార్షిక సర్వసభ్య సమావేశాల్లో వాటాదారులు అడగడానికి ఒకే ఒక్క ప్రశ్న చాలు. నికర సున్నా గురించి మీరు రాసిన పుటలన్నీ చదివాం. మీరు చందా కట్టే సంఘాలు ఈ ఏడాది ప్రభుత్వాన్ని ఏమి కోరాయి, దానికి మీ బోర్డు ఒప్పుకుందా? దీనికి అవునన్నా పరవాలేదు, కాదన్నా పరవాలేదు. సంఘం వైఖరి మాకు సంబంధం లేదని మాత్రం ఇకపై ఎవరినీ అననివ్వకూడదు.